వడ్ల పట్టా కప్పుకున్న మోటారు

నిన్న మధ్యాహ్నం నుంచి సూర్యాపేటలో ముసురు పట్టింది, మా వాకిట్లో నా మనుమడి కారు నిలబడి ఉంది, నాకేమో మోకాళ్ళ నొప్పి. ఈ మూడింటికీ సంబంధం ఏమిటంటారేమో, ఆ సంబంధం కలిపిన పుణ్యాత్ముడు మా మనుమడే. హైదరాబాదులో వాడు ఉండే అపార్టుమెంటు అడుగు అంతస్తులోకి వానకాలం నీళ్ళు వస్తాయట, కారు అక్కడ ఉంటే మునుగుతుందట, అందుకని రెండు రోజులు ఇక్కడ ఉంచుతానని తెచ్చి పెట్టి తాను బస్సెక్కి పోయాడు. ఆషాఢం పోయింది, శ్రావణం సగం పోయింది, ఆ రెండు రోజులు మాత్రం ఇంకా అయిపోలేదు. పోనీ అది నలుగురు కూర్చునే కారైనా ఒక తీరు. ఇద్దరికే చోటు, నేలకు బెత్తెడు ఎత్తు, ఎక్కాలంటే మనిషి మడతపడాలి. ఒకసారి ముచ్చటపడి నన్ను ఎక్కించారు గానీ దించేటప్పుడు నా కొడుకూ కోడలూ చెరో రెక్క పట్టుకొని లాగవలసి వచ్చింది. అంత పోసి కొన్నదానికి వెనక సీటు లేదేమిరా అంటే, స్పోర్ట్స్ కారు అట్లనే ఉంటది నానమ్మా అని నవ్వుతాడు.

దానికి వానలో కప్పడానికి ఒక బూడిదరంగు కవరు తెచ్చిచ్చాడు. కప్పే ముందు మెత్తని బట్టతో తుడవాలట, తడి మీద కప్పనే కూడదట, వాన వెలిసిన వెంటనే తీసి గాలి తగలనివ్వాలట, మళ్ళీ మబ్బు కమ్మితే మళ్ళీ కప్పాలట. కోడలు పొద్దున బడికి పాఠాలు చెప్పడానికి పోతుంది, కొడుకు దుకాణానికి పోతాడు, ఇంట్లో మిగిలేది నేను. రోజూ సాయంత్రం ఫోను చేసి, తిన్నావా అని అడగకముందే కవరు తీశారా అని అడుగుతాడు. తడి మీద కప్పకు నానమ్మా అని నాకు పాఠం చెబుతాడు చూడండి, అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పాఠం వాడి తండ్రి కూడా పుట్టకముందు, ఇదే ఊళ్ళో, మా ఇంటిల్లిపాదికీ వచ్చింది. నా ఈడు వాళ్ళు ఎవరైనా ఉంటే వినండి. నాకు చదువు తక్కువ, వీధిబడిలో గుణింతాలు పట్టుబడగానే ఇంటిపనికి మళ్ళించారు, కాబట్టి రాతలో తప్పులుంటే మీరే సర్దుకోవాలి.

రజాకార్ల గడబిడ అణిగి, ఊళ్ళు విడిచిపోయిన వాళ్ళు ఒక్కరొక్కరే ఇళ్ళకు చేరుకుంటున్న కాలం అది. బెజవాడ పోయే రోడ్డు పక్కనే మా ఇల్లు, ముందు పెద్ద వాకిలి, వాకిలికి ఒక పక్క రేకుల కొట్టం. మా నాయిన ధాన్యం వ్యాపారం చేసేవాడు. చుట్టుపక్కల రైతుల దగ్గర వడ్లూ ఆముదాలూ కొని, ధర వచ్చేదాకా ఆ కొట్టంలో నిలవ ఉంచి, వడ్లను ఎడ్లబండ్ల మీద మిర్యాలగూడ మిల్లుకు తోలించేవాడు. ఇప్పుడు మిర్యాలగూడలో ఎటు చూసినా మిల్లులే గానీ అప్పుడు వేళ్ళ మీద చెప్పొచ్చు. మేము తోలే మిల్లు ఆత్మకూరు వైపు ఉండే ఒక దొరది. దొరకు మిల్లు మీద ధ్యాస తక్కువ, దాన్ని ఎవరికైనా గుత్తకు ఇస్తాడని బజార్లో మాట. ఆ మిల్లు గుత్తకు దొరకాలన్నదే మా నాయిన కోరిక. వానకు తడుస్తూ ఎండకు ఎండుతూ బండ్ల వెంట తిరగకుండా ఒక గద్దె మీద కూర్చొని వ్యాపారం చేసుకోవాలని ఆయనకు ఎంత ఆశ ఉండేదంటే, భోజనం చేస్తూ చేస్తూ కూడా మిల్లు ఇంజను చప్పుడు నోటితో చేసి నాకు వినిపించేవాడు.

అట్లాంటి రోజుల్లో, తొలకరి దాటి ముసురు దిగిన పూట, ఆ దొర అల్లుడు మా వాకిట్లోకి మోటారు తోలుకొని వచ్చాడు. ఊళ్ళో మోటార్లు చూడనివాళ్ళం కాము. బస్సులు తిరుగుతూనే ఉండేవి. కానీ ఇది వేరే. సికింద్రాబాదులో ఒక తెల్లదొర తన దేశం పోతూ అమ్మిపోయిన బండి అట. పాలపిట్ట రెక్క రంగు, ఇద్దరికే చోటు, సైకిలు చక్రాల లాగా పుల్లల చక్రాలు, ముందర మూతను పట్టి ఉంచేందుకు తోలు పటకా. బండన్నాక కప్పు ఉండాలి గదా, దీనికి కప్పు కూడా గొడుగు గుడ్డే. అది చినిగి సీట్ల వెనక ముద్దగా పడి ఉంది. అల్లుడు దొర జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. అత్తగారి ఊరికి పోయే బాట నల్లరేగడి. అందులో ఎడ్లబండే దిగబడుతుంది, నేలను రాసుకుంటూ పోయే ఈ మోటారు ఏం పోతుంది?

"ఏం సేటు, బాగున్నవా? ఈ బురదల నా బండి పోదు. జర రెండు దినాలు నీ వాకిట్ల ఉండనియ్యి. మనిషిని పంపిస్త," అన్నాడు.

"ఎంత మాట దొరా! నా కండ్లల్ల పెట్టుకుంట," అన్నాడు మా నాయిన.

మా బండే కట్టించుకొని, మా గొడుగే పట్టుకొని, పోతూ పోతూ వెనక్కి తిరిగి ఒక మాట వదిలాడు ఆ మహానుభావుడు. "మిల్లు నడిపేతందుకు నీ అసుంటోడే కావాలె సేటు. మామతోని చెప్త."

అంతే. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో వానకాలం మొదలైంది.

మోటారును కొట్టంలోకి తోయడానికి లేదు. కొట్టం నిండా రైతుల ఆముదాల బస్తాలు, అవి బయట పెడితే రైతుకు ఏం జవాబు చెప్పాలి? మొదట నాయిన తాటాకు చాపలు కప్పి చూశాడు. గాలికి ఒక చాప ఎగిరి పక్కింటి బర్రె ముందు పడింది, అది సంతోషంగా నమిలింది. తరువాత నాలుగు వెదుళ్ళు పాతి పందిరి వేశాడు. పందిరి ఆకుల్లోంచి కారిన ఎర్రటి నీళ్ళు పాలపిట్ట రంగు మీద చారలు కట్టాయి. నాయిన భుజం మీది కండువాతో ఆ చారలు తుడిచి తుడిచి, చివరికి ఇంట్లోకి వచ్చి మా అమ్మ ప్రాణం మీద చెయ్యి వేశాడు.

మా అమ్మది కోదాడ. మా మేనమామ బెజవాడ నుంచి ఒక పెద్ద పట్టా తెప్పించి ఇచ్చాడు, నూనె పట్టించిన మందపాటి గుడ్డ, వాకిట్లో ఆరబోసిన వడ్ల మీద వానొస్తే కప్పేందుకు. మా ఇంట్లో అలాంటిది అదొక్కటే. మబ్బు ఉరిమితే చాలు అమ్మా నేనూ చెరో కొస పట్టుకొని పరుగెత్తి వడ్ల మీద పరిచేవాళ్ళం. నాయిన ఆ పట్టా తీసుకుపోయి మోటారుకు కప్పాడు. రెండో నాడే ఎండ మొహం చూసి అమ్మ వడ్లు ఆరబోయడం, ఎండను నమ్మినందుకు వాన దబ్బున దిగడం జరిగాయి.

"ఏమండీ, వడ్లు తడిసిపోతున్నాయండీ! ఆ పట్టా ఒక్కసారి ఇటు లాగండి!"

"వడ్లదేముందే, మళ్ళ ఎండబోసుకోవచ్చు. దొర మోటారు ఖరాబైతే మళ్ళ తెస్తమా?"

"రేపు మోటారు వండి పెట్టనా మీకు?"

"మిల్లు రానియ్యి, బండ్లకు బండ్లు తిందువు. ఊకో."

అమ్మ ఊరుకోలేదు, చేటలతో బుట్టలతో వడ్లన్నీ ఇంట్లోకి ఎత్తిపోసింది, మోసీ మోసీ నా నడుము పడిపోయింది. ఆ తరువాత మేము పడుకున్నది వడ్ల పక్కన, తిన్నది వడ్ల పక్కన. మూలన కుప్పలో కొన్ని మొలకలు వచ్చాయి, మిగతావి తడికి ముక్కిపోయి ముక్క వాసన వేశాయి. అమ్మ ఒక్క గింజ పారెయ్యలేదు. ఆ వానకాలమంతా ఆ ముక్క బియ్యమే వండింది, పచ్చిపులుసు పోసుకుంటే వాసన తెలియదని చెప్పి మా చేత తినిపించింది. ఇప్పటి పిల్లలు అన్నం కాస్త మెత్తబడితే కంచం తోసేస్తారు. నాకు మాత్రం ఈనాటికీ బియ్యం డబ్బా మూత తీయగానే ముందు వాసన చూసే అలవాటు పోలేదు.

రెండు రోజులు పోయాయి, వారాలు పోయాయి, దొర మనిషి రాలేదు. నాయిన ఎటూ కదిలేవాడు కాదు. కోళ్ళు పట్టా కింద దూరుతున్నాయని నన్ను కాపలా పెట్టాడు. మేకలు తోలు సీటు నాకుతాయని మేకలవాళ్ళను వేరే సందులోంచి పొమ్మన్నాడు, వాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ పోయారు. కోదాడలో మా మేనమామ కొత్త ఇల్లు కట్టుకొని గృహప్రవేశానికి తానే పిలవడానికి వచ్చాడు. తోడబుట్టినవాడి ఇల్లు, అమ్మ ఎంత మురిసిందో. పెట్టెలోంచి చీర తీసి గాలికి ఆరేసింది కూడా. నాయిన మాత్రం వాకిలి వైపు చూసి, అందరం పోతే దీన్ని ఎవరు చూస్తారన్నాడు. మా మేనమామ పట్టా కప్పుకున్న మోటారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి అన్నాడు:

"ఇల్లరికపు అల్లుడు దొరికాడే బావా నీకు! ఉలకడు, పలకడు. పైగా నేనిచ్చిన పట్టా కప్పి పడుకోబెట్టావు!"

"నవ్వు బామ్మర్ది, నవ్వు. మిల్లు మనదైనంక వచ్చి సూడు."

"చూస్తాలే. ఈ అల్లుడికి పండక్కి బట్టలు పెట్టడం మాత్రం మరిచిపోకు."

అందరూ నవ్వారు, అమ్మ తప్ప. ఆమె గృహప్రవేశానికి పోలేదు, నన్నూ పంపలేదు. ఆరేసిన చీర మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టింది, ఆ రోజు నుంచి నాయినతో అవసరానికి మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒకనాడు గాలివాన వచ్చి పట్టా ఒక పక్కకు లేచిపోయి, మోటారు లోపల సీట్ల దగ్గర నీళ్ళు నిలిచాయి. చెంబులతో తోడిపోశాం. ఇట్లా కాదని నాయిన తన విద్య బయటికి తీశాడు. బస్తాలు బయట ఉంచవలసి వస్తే ఆయనొక తీరుగా కట్టేవాడు: అడుగున ఊక పరిచి, చుట్టూ వరిగడ్డి దట్టంగా పేర్చి, మీద పట్టా బిగించి, అంచుల్లో ఎర్రమన్నూ పేడా కలిపి మెత్తి గాదె లాగా మూసేసేవాడు. నాయిన కట్టిన కుప్పలో గింజ ముక్కిందని ఎవరూ ఎన్నడూ అనలేదు. కానీ మూసే ముందు తప్పకుండా ఒక పని చేసేవాడు. నాలుగు మూలల నుంచి నాలుగు గింజలు తీసి పంటి కింద కొరికి చూసేవాడు. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఎంత తొందరున్నా మూసేవాడు కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిన అలవాటది.

మోటారును ఎక్కడ కొరుకుతాడు? మీద అరచెయ్యి వేసి తడిమి చూశాడు, పొడిగానే తగిలింది. అమ్మ గడపలో నిలబడి, మౌనం పక్కన పెట్టి మరీ, లోపల తడి ఆరిందో లేదో చూశారా, రెండు ఎండలు తగలనివ్వండి అని చెప్పింది. ఇనుముకు తడి ఏమిటే, అది వడ్ల గింజనా నీళ్ళు తాగేటందుకు అన్నాడు నాయిన. సీట్ల మధ్య ఖాళీల్లో, కాళ్ళు పెట్టుకునే చోట, తేమ పీల్చుకుంటుందని ఊక కూరాడు. చుట్టూ గడ్డి పేర్చాడు. పట్టా బిగించి తాళ్ళు కట్టి, అంచులన్నీ మన్నుతో మెత్తి, ఆ మెత్తిన దాని మీద అమ్మ అలికినంత నునుపుగా చేత్తో అలికాడు. చుక్క నీరు దిగదు అని చేతులు కడుక్కున్నాడు. నిజమే, ఒక్క చుక్క దిగలేదు. లోపలున్న చుక్క బయటికీ రాలేదు.

దసరా వచ్చింది. పండుగ సాయంత్రం అందరూ జమ్మికి పోయి పాలపిట్ట కోసం చేలగట్ల వెంట వెతుకుతుంటే, నాయిన మాత్రం, మన పాలపిట్ట మన వాకిట్లనే ఉన్నది అని మురిశాడు. అత్తవారింటికి పండుగకు వచ్చిన అల్లుడు దొర, తెల్లారి తిరుగు ప్రయాణంలో, ఇంకొక పెద్ద మోటారులో మా ఇంటి ముందు ఆగాడు. ఆగింది మంచినీళ్ళ కోసం. నాయిన కండువా సర్దుకుంటూ ఎదురు పరుగెత్తాడు.

"మీ మోటారు సురక్షితంగ ఉన్నది దొరా. ఒక్క చుక్క పడనియ్యలేదు."

"ఏం మోటారు సేటు?"

నాయిన వాకిట్లోకి చెయ్యి చూపించాడు.

"అరె! అది ఇంకా ఉన్నదా?"

నాయిన ఆ మాట విన్నాడో లేదో, అప్పటికే మన్ను పగలగొడుతున్నాడు. పట్టా లేపగానే పొయ్యి మీది కుండ మూత తీసినట్టు వేడి ఆవిరి మొహాలకు కొట్టింది, ఆ వెంట ముక్క వాసన. గడ్డి నల్లబడి మాగిపోయింది. తోలు సీట్ల మీద తెల్లటి బూజు, ఊకలో పుట్టగొడుగులు గొడుగులు పట్టుకొని నిలబడ్డాయి. పాలపిట్ట రంగు బొబ్బలెక్కి, బొబ్బల కింద తుప్పు. అల్లుడు దొర రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని తలుపు పట్టి లాగితే తలుపు ఆయన చేతిలోకే వచ్చింది. పైన రేకే గానీ లోపలంతా కట్టెతో కట్టిన చట్రం అని మాకు అప్పుడే తెలిసింది. ఆ కట్టెను చెదలు పొడి చేసి తినేశాయి.

అల్లుడు దొర నవ్వాడు. తిట్టినా బాగుండేది, పడీ పడీ నవ్వాడు.

"పోనీ తియ్యి సేటు, పాత డబ్బా. పాత ఇనుము కొనేటోనికి ఇచ్చెయ్యి."

నాయిన ఇంకా ఏదో పట్టుకొని వేలాడుతున్నవాడిలా, మెల్లగా, మిల్లు సంగతి పెద్ద దొరతో చెప్పిండ్రా అని అడిగాడు.

"మిల్లా? అది మొన్న ఉగాదికే మా బామ్మర్దికి ఇచ్చిండు గద మామ!"

ఉగాది అంటే ఎండకాలం మొదలు. అంటే ఆ మోటారు మా వాకిట్లోకి రాకముందే మిల్లు పోయింది. నాయిన మన్ను అంటిన చేతులు రెండూ ముందుకు చాపినవి చాపినట్టే నిలబడిపోయాడు. అప్పుడు మా అమ్మ లోపలి నుంచి రాగిచెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఇంటికి వచ్చినవాడు ఎట్లాంటివాడైనా దాహానికి ఇవ్వాలి గదా. చెంబు అందిస్తూ కోదాడ మర్యాద ఏమాత్రం తగ్గకుండా అడిగింది:

"రెండు రోజులన్నారు గదా బాబూ, దారిలో ఏమన్నా ఆలస్యమైందా?"

ఆయన నీళ్ళు తాగి, నవ్వు ఆపుకొని, చెంబు గట్టు మీద పెట్టి పోయాడు.

ఆ సాయంత్రం నాయిన అన్నం దగ్గర కూర్చున్నాడు గానీ ఇంజను చప్పుడు చెయ్యలేదు. మళ్ళీ ఎన్నడూ చెయ్యలేదు. అమ్మ అప్పటి నుంచే ఆయనతో మామూలుగా మాట్లాడడం మొదలుపెట్టింది; దెప్పుతుందని నేను ఎదురుచూశాను, ఒక్కసారి కూడా దెప్పలేదు. చేసింది మాత్రం ఒకటుంది. ఏ వస్తువూ వృథా కానివ్వని మనిషి కాబట్టి మోటారు తోలు పటకా తీసి బావి బొక్కెనకు కట్టింది, దీపం డొప్ప కడిగి పిండి కుండకు మూత పెట్టింది. పట్టా ఉతికి ఆరేసి మళ్ళీ వడ్ల మీదికి తెచ్చింది. కానీ వానకాలమంతా మోటారు మీద బిగించి ఉన్నందుకు దాని ఆకారమే పట్టాకు వచ్చింది. వడ్ల మీద ఎంత సాపుగా పరిచినా నడుమ గుంట పడి నీళ్ళు నిలిచేవి. అమ్మ కర్రతో కింద నుంచి పొడిచి ఆ నీళ్ళు పారబోస్తూ, దిగవయ్యా అల్లుడా, దిగు అనేది. నాయిన విననట్టు అటు తిరిగేవాడు.

ఇదంతా రాస్తుండగానే వాన వెలిసింది. నేను లేచి, మోకాలు పట్టుకొని, మనుమడి కారు మీది కవరు తీసి గట్టు మీద ఆరేశాను, నా పాత నూలు చీర చింపిన గుడ్డతో మూలమూలా తుడిచాను. ఆ కవరు నా చీరకంటే పలచగా ఉంటుంది, ఒక పిడికిట్లో మడిచిపెట్టొచ్చు. ఇప్పుడు వానకు కప్పుకోవడానికి ఎవరి వస్తువుకు వాళ్ళకు సరిగ్గా కొలిచి కుట్టిన కవర్లున్నాయి, ఇంకొకరి వడ్ల మీది పట్టా ఎవరూ లాక్కోనక్కర లేదు. మంచిదే. ఒకరి వాకిట్లో ఒకరు వస్తువు వదిలి నోటిమాట మీద పోయే రోజులు కూడా పోయాయి, అదీ ఒక విధంగా మంచిదే అనుకుంటాను, మా అమ్మ కట్టుకోని ఆ చీర తలచుకున్నప్పుడల్లా.

సాయంత్రం ఫోను మోగింది. నానమ్మా, కారు ఎట్లున్నది, ఇంకో రెండు రోజులు ఆగు అన్నాడు. నీ రెండు రోజుల సంగతి నాకు తెలియనిది కాదు, ముందు నా మోకాలెట్లుందో అడుగు అని కసిరి పెట్టేశాను. వీడు నా ప్రాణం తీసినా రోజూ అడుగుతాడు, కారు ఎట్లున్నది అని. మా నాయిన ఒక వానకాలమంతా నిలబడి కాచాడు. సేటు, మోటారు ఎట్లున్నది అని ఒక్కనాడు ఒక్కరూ అడిగినవాళ్ళు లేరు.